తలుపు పక్క కుర్చీ

(పెద్దల మానసిక గాయాల గురించి ఒక థెరపిస్టు చేసిన ప్రసంగానికి అక్షర రూపం)

సభకు నమస్కారం.

'మానడం' అనే క్రియకు తెలుగులో రెండు అర్థాలున్న సంగతి మీ అందరికీ తెలిసినదే. గాయం మానుతుంది, అలవాటు మానేస్తాం. మొదటిది దానంతట అది జరిగేది, రెండవది మనం పూనుకుని చేసేది. పెద్దలతో పనిచేసే థెరపిస్టుగా ఇరవై రెండేళ్ళుగా నేను చేస్తున్న పని దాదాపు అంతా ఈ రెండు అర్థాల మధ్యనే తిరుగుతోంది. నా గదిలోకి వచ్చేవారిలో చాలామంది రెండవ అర్థాన్ని పట్టుకుని వస్తారు. ఈ కోపం మానాలండి, ఈ అనుమానం మానాలండి, ఎవరేం అడిగినా సరేననడం మానాలండి, ఎలాగో చెప్పండి అంటారు. అలవాటు మానితే లోపలి గాయం దానంతట అదే మానుతుందని వారి లెక్క. ఆ లెక్క తరచు తలకిందులుగా ఉంటుందని, గాయం కొంత మానిన తరువాతనే అలవాటు పట్టు సడలుతుందని, ఆ వరుస తప్పించి తొందరపడినప్పుడల్లా నేను నష్టమే చేశానని చెప్పడానికే ఈ సాయంత్రం మీ ముందు నిలబడ్డాను.

ముందుగా ఒక మనవి. ఈ ప్రసంగంలో వచ్చే మనుషుల వివరాలను ఎవరూ గుర్తుపట్టడానికి వీలులేకుండా మార్చాను. కొన్నిచోట్ల ఇద్దరు ముగ్గురిని కలిపి ఒకరిగా చెబుతున్నాను. నా పొరపాట్లను మాత్రం మార్చలేదు.

నేను ఈ వృత్తికి నేరుగా వచ్చిన మనిషిని కాను. చదువు అయిన తరువాత తొమ్మిదేళ్ళు ఒక సంస్థలో పద్దులు రాసే ఉద్యోగం చేశాను. జమాఖర్చులు సరిపోయేవరకు నిద్రపట్టని స్వభావం నాది. ఆ రోజుల్లోనే మా అన్నయ్య పోయాడు. అది జరిగిన ఏడాదికి, వారానికి ఒక రాత్రి చొప్పున, ఆపదలో ఉన్నవారు ఫోన్ చేసి మాట్లాడుకునే ఒక హెల్ప్‌లైన్‌లో వాలంటీరుగా కూర్చోవడం మొదలుపెట్టాను. సేవాభావంతో వెళ్ళానని చెప్పుకుంటే వినడానికి బాగుంటుంది గానీ, నిజానికి ఇంట్లో ఆ రాత్రులు గడవక వెళ్ళాను.

ఇలాంటి ఫోన్ సేవలకు తొలి నమూనా 1953లో లండన్‌లో ఏర్పడింది. ఛాడ్ వారా అనే క్రైస్తవ మతాచార్యుడు, ఆత్మహత్య ఆలోచనలతో సతమతమయ్యేవారు తనకు ఫోన్ చేయవచ్చని ప్రకటించి, తానే కౌన్సెలింగ్ చేద్దామనుకున్నారు. వచ్చినవారు తమ వంతు కోసం ఎదురుచూస్తుంటే, వారికి టీ ఇచ్చి కాస్త కబురు చెప్పడానికి కొందరు వాలంటీర్లు ఉండేవారు. చిత్రమేమిటంటే, ఆ వాలంటీర్లతో మాట్లాడిన తరువాత చాలామందికి లోపలికి వెళ్ళి ఆయనను కలవవలసిన అవసరమే కనిపించలేదు. ఆయన అది గమనించి, మరుసటి ఏడాదికల్లా ఆ పనిని వాలంటీర్లకే అప్పగించారు. తన గది బయట జరుగుతున్నదే అసలు పని అని ఒప్పుకోవడానికి ఎంత పెద్ద మనసు కావాలో, ఈ వృత్తిలో ఉన్నవారికి తెలుస్తుంది.

హెల్ప్‌లైన్‌లో నాకు బాగా గుర్తున్న కాల్ ఒకటుంది. రాత్రి రెండు దాటింది. ఫోన్ తీస్తే అవతల ఊపిరి తప్ప మరేమీ వినిపించలేదు. నేర్పిన ప్రకారం "నేను ఇక్కడే ఉన్నాను, మీకు వీలైనప్పుడు మాట్లాడండి" అన్నాను. మాట లేదు. అయిదు నిమిషాలకోసారి అదే మాటను కొంచెం మార్చి చెబుతూ, మిగతా సమయమంతా ఊరకే కూర్చున్నాను. నలభై నిమిషాల తరువాత ఒక ఆడగొంతు "ఉంటానండి" అని పెట్టేసింది. ప్రతి కాల్‌నూ రిజిస్టరులో రాయాలి. సమయం రాశాను, వ్యవధి రాశాను. 'విషయం' అన్న గడి దగ్గర పెన్ను ఆగిపోయింది. తొమ్మిదేళ్ళ ఉద్యోగంలో ఒక గడిని ఖాళీగా వదలడం నాకు అదే మొదటిసారి. ఆ ఖాళీ గడి నన్ను వదలలేదు. ముప్పై మూడో ఏట ఉద్యోగం మానేసి మళ్ళీ కాలేజీలో చేరాను.

చదువు గురించి ఎక్కువ చెప్పను. దేశాన్ని బట్టి నియమాలు మారతాయి గానీ, మనస్తత్వశాస్త్రంలోనో కౌన్సెలింగ్‌లోనో పోస్టుగ్రాడ్యుయేట్ చదువు, ఆ తరువాత అనుభవజ్ఞుల పర్యవేక్షణలో వందల గంటల పని, అక్కడితో ఆగకుండా జీవితాంతం సాగే సూపర్‌విజన్ అనేది స్థూలంగా దారి. మందులు రాసేది సైకియాట్రిస్టు, అంటే వైద్యవిద్య చదివిన డాక్టరు. నేను డాక్టరును కాను, కాబట్టి నన్ను డాక్టరుగారూ అని పిలిచినవారిని మొదటి రోజే సున్నితంగా సరిదిద్దుతాను. నీరసం, ఆసక్తి లేకపోవడం, నిద్ర చెడిపోవడం వంటి లక్షణాలతో వచ్చినవారిని ముందు వైద్యుడి దగ్గరకు పంపుతాను. థైరాయిడ్ లోపం అచ్చంగా డిప్రెషన్ వేషం వేసుకుని రాగలదు. దానితో నెలల తరబడి బాల్యం గురించి మాట్లాడటం కంటే వ్యర్థమైన పని మరొకటి లేదు.

చదువుకునే రోజుల్లో నన్ను బాగా తికమక పెట్టింది కార్ల్ రోజర్స్ 1957లో రాసిన ఒక చిన్న వ్యాసం. మనిషిలో మార్పు రావడానికి కావలసినవి ఇవీ అని ఆయన కొన్ని షరతులు పెట్టారు. వాటిలో థెరపిస్టుకు సంబంధించినవి ప్రధానంగా మూడు: ఎదుటివారి లోకాన్ని వారి కళ్ళతో చూడటం, షరతులు పెట్టకుండా వారిని స్వీకరించడం, లోపల ఒకటి బయట ఒకటి కాకుండా ఉండటం. ఇవి ఉంటే చాలునన్నారు. పద్దులు రాసిన బుద్ధికి ఇది మింగుడుపడలేదు. ఇంతేనా, మరి టెక్నిక్ ఏదీ అనిపించింది. ఇవి మాత్రమే చాలవని నేను ఇప్పటికీ అంటాను. కానీ ఇవి లేనిచోట మిగతావేవీ పనిచేయవని ఒప్పుకోవడానికి నాకు పదేళ్ళు పట్టింది. 1979లో ఎడ్వర్డ్ బోర్డిన్ అనే మనస్తత్వవేత్త దీనినే ఇంకొంచెం లెక్కకు అందేటట్టు చెప్పారు. థెరపిస్టుకూ వచ్చినవారికీ మధ్య ఉండే పొత్తులో మూడు పోగులున్నాయన్నారు: ఎక్కడికి చేరాలన్న దానిపై ఏకాభిప్రాయం, అందుకు ఏం చేయాలన్న దానిపై ఏకాభిప్రాయం, ఇద్దరి మధ్య నమ్మకం. ఏ పద్ధతిలో చేసిన థెరపీకైనా ఈ పొత్తు బలానికీ ఫలితానికీ సంబంధం ఉందని ఆ తరువాత వచ్చిన ఎన్నో అధ్యయనాలు పదేపదే చూపించాయి. ఆ సంబంధం మరీ పెద్దది కాదు, అయినా ఎక్కడ వెతికినా కనిపిస్తుంది.

ఇక నా మొదటి పెద్ద పొరపాటు. శిక్షణలో ఉండగా ఒక ఆసుపత్రిలో ఒక మహిళతో పని చేశాను. ఆమె తన చిన్నతనంలో జరిగిన భయంకరమైన విషయాలను వార్తలు చదువుతున్నట్టు చెప్పేవారు. గొంతు వణికేది కాదు, కన్ను చెమర్చేది కాదు. ఆ నిబ్బరం కింద ఏదో ఉందని, దానిని పైకి తేవడమే నా బాధ్యత అని నేను అనుకున్నాను. మూడో సెషన్‌లో, "అప్పుడు మీకు ఎలా అనిపించింది" అని ఒకటికి నాలుగుసార్లు అడిగాను. ఆమె చెప్పడానికి ప్రయత్నించారు, చేతులు చల్లబడ్డాయి, ఎక్కడున్నారో ఆమెకే తెలియనట్టు గోడవైపు చూస్తూ ఉండిపోయారు. ఆ రాత్రి నిద్రపోలేదని, ఆ తరువాత వారం పనికి వెళ్ళలేకపోయారని తెలిసింది. నేను ఆ సెషన్ బాగా జరిగిందని నోట్సు రాసుకున్నాను. సూపర్‌వైజర్‌గారు ఆ నోట్సు చదివి ఒకే ప్రశ్న వేశారు.

"ఈ తొందర ఆవిడదా, నీదా?"

పుండు మీద పక్కు కట్టినప్పుడు దానిని గిల్లకూడదని చిన్నపిల్లలకు కూడా చెబుతాం. కింద కొత్త చర్మం వచ్చిన నాడు పక్కు దానంతట అదే రాలిపోతుంది. ముందే ఊడబెరికితే మళ్ళీ నెత్తురు. ఆ మహిళ నిబ్బరమైన గొంతు పక్కు. నేను దానిని రోగం అనుకున్నాను.

ఇది నా ఒక్కదాని అనుభవం కాదు. 1990లలో, ప్రమాదం జరిగిన వెంటనే బాధితులను కూర్చోబెట్టి, జరిగినదంతా వివరంగా చెప్పించి, భావాలను బయటకు రప్పించే ఒకే ఒక సెషన్ పెడితే తరువాత మానసిక సమస్యలు రాకుండా ఉంటాయన్న నమ్మకం చాలా దేశాలలో వ్యాపించింది. డీబ్రీఫింగ్ అంటారు దానిని. వినడానికి ఎంతో సబబుగా ఉంటుంది. 1997లో బ్రిటన్‌లో కాలిన గాయాలతో ఆసుపత్రిలో చేరినవారిపై ఒక పరిశోధన ప్రచురితమైంది. పదమూడు నెలల తరువాత చూస్తే, డీబ్రీఫింగ్ చేసినవారిలో 26 శాతం మందికి, చేయనివారిలో 9 శాతం మందికి పీటీఎస్‌డీ, అంటే భయంకరమైన అనుభవం తరువాత మనసును వదలక వెంటాడే రుగ్మత, ఉంది. డీబ్రీఫింగ్ చేసినవారి గాయాలు మొదటినుంచీ కొంత తీవ్రమైనవన్న సంగతిని కూడా లెక్కలోకి తీసుకోవాలి. అయినా, ఆ తరువాత ఇలాంటి పరిశోధనలన్నింటినీ కలిపి చూసిన సమీక్షలు కూడా, ఇలా ఒక్క సెషన్‌తో బలవంతంగా చెప్పించడం వల్ల పీటీఎస్‌డీ ఆగుతుందనడానికి ఆధారం లేదని, అందరికీ తప్పనిసరి చేయడం మానుకోవాలని తేల్చాయి. చెప్పుకుంటే బరువు తగ్గుతుందన్న మాట నిజమే. ఎప్పుడు, ఎవరికి, ఎంత చెప్పుకోవాలో చెప్పుకునేవారు నిర్ణయించుకున్నప్పుడు నిజం.

పీటీఎస్‌డీ అన్న పేరే అంత పాతది కాదు. అమెరికా మనోవైద్యుల సంఘం తన రోగ నిర్ణయ గ్రంథం మూడవ కూర్పులో 1980లో దానిని చేర్చింది. వియత్నాం యుద్ధం నుంచి తిరిగివచ్చిన సైనికుల కోసం పోరాడినవారి కృషి దాని వెనుక ఉంది. యుద్ధం కాకుండా, ఇంట్లోనే ఏళ్ళ తరబడి దెబ్బతిన్నవారి పరిస్థితి వేరుగా ఉంటుందని 1992లో జూడిత్ హెర్మన్ అనే మనోవైద్యురాలు వాదించారు. ఆ వాదనకు అంతర్జాతీయ గుర్తింపు రావడానికి మూడు దశాబ్దాలు పట్టింది. ప్రపంచ ఆరోగ్య సంస్థ వారి రోగాల వర్గీకరణ పదకొండవ కూర్పు 2022లో అమలులోకి వచ్చినప్పుడు గానీ కాంప్లెక్స్ పీటీఎస్‌డీ అన్న పేరు దానిలో చేరలేదు. హెర్మన్ చెప్పిన మూడు మెట్లను నేను ఇప్పటికీ పాటిస్తాను. మొదట భద్రత, తరువాత జరిగినదానిని తలుచుకుని దుఃఖించడం, ఆ పైన మళ్ళీ లోకంతో కలవడం. ఇంచుమించు ఇదే వరుసను అంతకు వందేళ్ళ క్రితమే ఫ్రాన్సులో పియేర్ జానే పాటించారు. కొత్తగా కనిపెట్టామనుకునేవాటిలో సగం ఇలా మరిచిపోయి మళ్ళీ తవ్వుకున్నవే.

భద్రత అనేది పెద్ద మాట. నా గదిలో అది చాలా చిన్న విషయాలతో మొదలవుతుంది. వచ్చేవారి కోసం రెండు కుర్చీలు ఉంటాయి, ఒకటి కిటికీ వైపు, ఒకటి తలుపు పక్కన. ఎక్కడ కూర్చోమని నేను చెప్పను. గోడ గడియారం ఇద్దరికీ కనిపించేచోట ఉంటుంది, ఎందుకంటే ఇంకా ఎంతసేపు భరించాలో తెలియని పరిస్థితిలో పెరిగినవారికి సమయం కనిపించడమే ఒక ఊరట. ఎవరికీ చెప్పననే మాట ఇచ్చేముందు, ఏ సందర్భంలో ఆ మాట నిలబెట్టుకోలేనో, అంటే ఎవరి ప్రాణానికైనా ముప్పు ఉన్నప్పుడు, పిల్లలకు హాని జరుగుతున్నప్పుడు, అది కూడా ముందే చెబుతాను. తరువాత చెబితే అది ద్రోహం అవుతుంది.

ఆ తరువాత మేము చేసే పని ఏమిటంటే, ఆ మనిషి మానేయాలనుకుంటున్న అలవాటు ఒకప్పుడు ఏ పని చేసిపెట్టిందో వెతకడం. దీనికి నాకు తెలిసిన గొప్ప ఉదాహరణ థెరపీ గదిలో పుట్టినది కాదు. 1980లలో అమెరికాలోని శాన్ డియెగోలో విన్సెంట్ ఫెలిట్టి అనే వైద్యుడు ఊబకాయం తగ్గించే కార్యక్రమం నడిపేవారు. బరువు చక్కగా తగ్గుతున్నవారే మధ్యలో మానేసి వెళ్ళిపోవడం ఆయనకు అంతుపట్టలేదు. అలా వెళ్ళిపోయినవారిని పిలిచి మాట్లాడితే, వారిలో చాలామంది చిన్నతనంలో లైంగిక హింసకు గురయ్యారని తెలిసింది. కొందరికి ఆ లావు ఒక కంచె. ఎవరూ తమవైపు చూడకుండా కాపాడిన కంచె. డాక్టరు దానిని సమస్య అనుకున్నారు, వారికి అది పరిష్కారం. దాని నుంచి పుట్టినదే, ఫెలిట్టి, రాబర్ట్ ఆండా కలిసి పదిహేడు వేలమందికి పైగా పెద్దలతో చేసిన అధ్యయనం. బాల్యంలో ఎదురైన హింస, ఇంట్లోని కల్లోలం ఎన్ని రకాలుగా పెరిగితే, పెద్దయ్యాక గుండెజబ్బులు, వ్యసనాలు, ఆత్మహత్యాయత్నాల ముప్పు అంతగా పెరుగుతుందని, మొదటి విడత ఫలితాలతో 1998లో వారు ప్రకటించారు.

ఇక్కడ ఒక హెచ్చరిక చెప్పకుండా ముందుకు వెళ్ళలేను. ఆ అధ్యయనంలోని ప్రశ్నలతో ఎవరికి వారే మార్కులు వేసుకుని, "నాకు ఏడు వచ్చిందండి, ఇక నా బతుకింతేనా" అని అడిగేవారు ఈమధ్య తరచు వస్తున్నారు. ఆ మార్కు వేలమందిని కలిపి చూసినప్పుడు ముప్పును చెబుతుంది గానీ, ఒక మనిషి భవిష్యత్తును చెప్పదు. ఆండాయే 2020లో సహచరులతో కలిసి, దానిని ఒక్కొక్క మనిషిని తూచడానికి వాడటం తప్పని రాశారు. దానిని జాతకంగా మార్చుకున్నది మనమే.

అలాగే, మరిచిపోయిన జ్ఞాపకాలను తవ్వితీయమని అడిగేవారూ ఉన్నారు. నేను ఆ పని చేయను. 1995లో ఎలిజబెత్ లోఫ్టస్ ప్రచురించిన ఒక ప్రయోగంలో, చిన్నప్పుడు దుకాణాల సముదాయంలో తప్పిపోయారన్న కల్పిత సంఘటనను ఇంటివారు చెప్పిన నిజమైన సంఘటనల మధ్య కలిపి చూపిస్తే, పాల్గొన్న 24 మందిలో దాదాపు నాలుగోవంతు మంది అది కూడా తమకు పూర్తిగానో కొంతగానో గుర్తుందన్నారు. థెరపిస్టు నమ్మకంగా వేసే ప్రశ్న ఎదుటివారి గతంలో కొత్త గది కట్టేయగలదు. గుర్తున్నది చాలు, గుర్తులేనిదానికి మనం రచయితలం కాకూడదు.

తొందరపడకపోవడం అంటే సాగదీయడం అని మాత్రం అనుకోకండి. ఒకే ఒక ప్రమాదం వల్ల దెబ్బతిన్నవారికి పరిమితమైన సెషన్లలో ముగిసే చికిత్సలు ఉన్నాయి, అవి చక్కగా పనిచేస్తాయి. ఆలోచనల తీరును, ప్రవర్తనను మార్చుకుంటూ గాయాన్ని సూటిగా ఎదుర్కొనే కాగ్నిటివ్ బిహేవియరల్ థెరపీనీ, కళ్ళను అటూ ఇటూ కదిలిస్తూ బాధాకరమైన జ్ఞాపకాన్ని తలుచుకునేటట్టు 1980ల చివర ఫ్రాన్సిన్ షపీరో రూపొందించిన ఈఎమ్‌డీఆర్ అనే పద్ధతినీ ప్రపంచ ఆరోగ్య సంస్థ 2013లో సిఫారసు చేసింది. సిద్ధంగా ఉన్న మనిషిని ఏడాది పాటు సిద్ధం చేస్తూ కూర్చోవడం కూడా ఒక రకమైన పిరికితనమే, అది థెరపిస్టు పిరికితనం. నేను అది కూడా చేశాను. ఆసుపత్రిలో ఆ మహిళ విషయంలో చేసిన తప్పుకు భయపడి, ఆ తరువాత రెండేళ్ళు ఎవరినీ ఏ కష్టమైన ప్రశ్నా అడగలేదు. నా దగ్గరకు వచ్చేవారు వారం వారం మర్యాదగా మాట్లాడి వెళ్ళేవారు, నేనూ మర్యాదగా వినేదాన్ని, ఎవరికీ ఏమీ జరిగేది కాదు.

ఆ రోజుల్లోనే నేను కూడా ఒక థెరపిస్టు దగ్గరకు వెళ్ళడం మొదలుపెట్టాను. మొదటి రోజు మా అన్నయ్య మరణం గురించి అంతా చెప్పాను. ఎప్పుడు జబ్బుపడ్డాడు, ఎప్పుడు ఆసుపత్రిలో చేర్చాం, ఏ పరీక్షలు, ఏ రోజున, ఎన్ని గంటలకు. పెద్దాయన ఓపికగా విని, "తేదీలన్నీ సరిపోయాయి" అన్నారు. ఇంకేమీ అనలేదు. నాకు కోపం వచ్చింది, తరువాత నవ్వు వచ్చింది, ఇంటికి వెళ్ళేదారిలో రోడ్డు పక్కన ఆగి ఏడ్చాను. అన్నయ్య పోయిన నాలుగేళ్ళకు. నా పద్దుల పుస్తకం నా పక్కు అని ఆ రోజు తెలిసింది. దానిని ఆయన గిల్లలేదు, ఉందని చూపించారు, అంతే. ఆ రెండింటి మధ్య తేడాను ఏ తరగతి గదిలోనూ నేర్పలేరు.

ఇప్పుడు తలుపు పక్క కుర్చీలో కూర్చున్న ఒకాయన గురించి చెప్పి ముగిస్తాను. యాభైకి దగ్గరపడిన మనిషి, ఉద్యోగంలో మంచి పేరు. భార్య పంపితే వచ్చానన్నారు. కుర్చీ అంచున కూర్చుని, కుడిచేతిలో తాళాల గుత్తిని బిగించి పట్టుకునేవారు. గుత్తిలో అయిదు తాళాలు. సెషన్ అయ్యేసరికి వాటి పళ్ళ అచ్చులు అరచేతిలో ఎర్రగా పడి ఉండేవి, వెళ్ళేముందు వాటిని బొటనవేలితో రుద్దుకునేవారు. మూడో వారం నేను, "తాళాలు అంత గట్టిగా పట్టుకున్నారేమిటి?" అని అడిగాను. మృదువుగానే అడిగాననుకున్నాను. ఆయన చేతివైపు చూసుకుని, తాళాలు జేబులో వేసుకుని, మిగతా సమయమంతా ఆఫీసు సంగతులు చెప్పారు. తరువాత రెండు వారాలు రాలేదు.

మూడో వారం వచ్చారు. అదే కుర్చీ, అవే తాళాలు. నేను ముందుగానే, "ఆ రోజు నేను తొందరపడి అడిగాను, క్షమించండి" అన్నాను. ఆయన తల అడ్డంగా ఊపారు.

"అడగడం తప్పు కాదు మేడమ్. అడుగుతూ మీరు నవ్వారు."

నవ్విన సంగతి నాకు తెలియదు. ఎదుటివారు ఇబ్బంది పడకూడదని ప్రశ్న చివర చిన్న నవ్వు చేర్చడం నా అలవాటు, అది నా చిన్ననాటి నుంచి వచ్చినది. వారి ఇంట్లో తండ్రి ఏదైనా అడుగుతూ నవ్వితే, ఆ తరువాత ఏం జరిగేదో ఆయన ఆ రోజు కొంచెం చెప్పారు. అప్పుడు పరుగెత్తడానికి తలుపు ఎక్కడుందో చూసుకోవడం ఏడేళ్ళ వయసులో ఆయన నేర్చుకున్న విద్య. నలభై ఏళ్ళుగా ఏ గదిలోకి వెళ్ళినా, ఏ పెళ్ళికి వెళ్ళినా, ఏ మీటింగులో కూర్చున్నా, తలుపు పక్కనే కూర్చుంటారు, వెళ్ళిపోవడానికి కావలసినది చేతిలోనే ఉంటుంది.

ఎడ్వర్డ్ ట్రానిక్ అనే పరిశోధకుడు 1970లలో ఒక ప్రయోగం చేశారు. నెలల పసిబిడ్డతో నవ్వుతూ ఆడుతున్న తల్లిని, కొద్ది నిమిషాల పాటు ముఖంలో ఏ కదలికా లేకుండా బిడ్డవైపు చూడమన్నారు. బిడ్డ నవ్వుతుంది, చేతులు చాస్తుంది, కూతలు పెడుతుంది, చివరకు ముఖం తిప్పుకుని ముడుచుకుపోతుంది. ఆ ప్రయోగం గురించి చాలామంది విని ఉంటారు. ఆయన తరువాత చూపించిన విషయానికి అంత పేరు రాలేదు. మామూలుగా, అంతా సవ్యంగా ఉన్న తల్లీబిడ్డలు కూడా ఒకరి భావానికి ఒకరు సరిపోయేటట్టు ఉండేది సుమారు మూడోవంతు సమయమేనట. మిగతా సమయమంతా తప్పిపోవడం, మళ్ళీ కలుసుకోవడం. బిడ్డకు నమ్మకం కలిగేది ఆ కలుసుకోవడంలోనేనని ఆయన అంటారు. థెరపీలో పొత్తు తెగడం, దానిని మళ్ళీ ముడివేయడం గురించి జెరెమీ సాఫ్రన్ వంటివారు చేసిన పరిశోధనలూ ఇదే దిక్కును చూపిస్తాయి. నేను ఆ నవ్వు నవ్వకుండా ఉంటే బాగుండేది, సందేహం లేదు. కానీ దాని గురించి మేమిద్దరం మాట్లాడుకున్న ఆ గంట, ఆయనతో చేసిన ఏ వ్యాయామం కంటే ఎక్కువ పని చేసిందని ఆయనే తరువాత చెప్పారు. నవ్వు ముఖం వెనుక ఏముందో అడగవచ్చునని, అడిగితే దెబ్బకు బదులు జవాబు వస్తుందని తెలుసుకోవడం అది ఆయనకు మొదటిసారి.

రెండేళ్ళు పనిచేశాం. కొడుకు మీద అరవడం తగ్గింది, నిద్ర కుదుటపడింది, తండ్రి గురించి చెప్పదలచినంత చెప్పారు, చెప్పదలచనిది చెప్పలేదు. తండ్రిని క్షమించాలా అని ఒకసారి అడిగారు. అది కోలుకోవడానికి పెట్టిన పరీక్ష కాదని, క్షమించినా క్షమించకపోయినా ఈ గదిలో పాస్, ఫెయిల్ ఉండవని చెప్పాను. తాళాల గురించి నేను మళ్ళీ ఎత్తలేదు. ఏదో ఒకనాడు అవి బల్ల మీదకు చేరతాయని లోలోపల ఎదురుచూశానని ఒప్పుకుంటాను, పద్దులు సరిపోవాలన్న పాత బుద్ధి ఎక్కడికి పోతుంది? అవి బల్ల మీదకు రాలేదు. చివరి సెషన్‌లో కూడా అదే కుర్చీ, అదే చేతిలో అదే గుత్తి. కాకపోతే వేళ్ళు వదులుగా ఉన్నాయి, అరచేతిలో అచ్చులు లేవు. నా చూపు ఎటు పోయిందో ఆయన గమనించారు.

"ఇది ఉంచుకుంటానండి" అన్నారు. "ఇప్పుడు దీనికి పెద్ద అర్థమేమీ లేదు. చేతికి అలవాటు, అంతే."

"ఉంచుకోండి" అన్నాను.

లేచి తలుపు తీసి, ఏదో గుర్తొచ్చినట్టు ఆగారు. "మీరు నా దగ్గర ఈ రెండేళ్ళూ నవ్వకుండా జాగ్రత్తపడ్డారు, నేను చూస్తూనే ఉన్నాను" అన్నారు. నిజమే. ప్రతి ప్రశ్న చివరా నేను నా ముఖాన్ని కాపలా కాస్తూ కూర్చున్నాను. ఆయన తాళాలను నేను వదిలేశాను గానీ, ఆయన నా కాపలాను వదలలేదు.

"ఇక నవ్వవచ్చు మేడమ్" అని, తానే ముందు నవ్వి, తలుపు దగ్గరగా వేసి వెళ్ళిపోయారు.

ఇంతసేపు ఓపికగా విన్నందుకు ధన్యవాదాలు. ప్రశ్నలుంటే అడగండి.